పాత కారు ఇంజనులో ఆయిల్ లీకు: కారణాలు, గుర్తింపు, మరమ్మతు – ఒక సమీక్ష

పాత కారు ఇంజను నుంచి ఆయిల్ కారడం గురించి యజమానుల్లోనూ మెకానిక్కుల్లోనూ రెండు అభిప్రాయాలు బలంగా నాటుకుని ఉన్నాయి. ఆ కాలపు ఇంజన్లు కారక మానవు కనుక ఎప్పటికప్పుడు ఆయిల్ పోసుకుంటూ తిప్పుకోవలసిందేనన్నది మొదటిది కాగా, కారుతున్న చోట కొత్త ప్యాకింగ్ వేసి బోల్టులు గట్టిగా బిగిస్తే చాలునన్నది రెండోది. రెండింటిలోనూ కొంత నిజం ఉన్నప్పటికీ ఏదీ సమస్య మూలం దాకా వెళ్లదు. ఇంజను లోపల పేరుకునే గాలి ఒత్తిడి, ఒకదానికొకటి ఆనే లోహపు ముఖాల తీరు, వాటి మధ్య ఉంచిన పదార్థపు గుణం అనే మూడింటిలో ఏది చెడినా ఆయిల్ బయటికి వస్తుంది. కాబట్టి తడి కనిపించిన చోటికి కాక, ఈ మూడింటిలో తప్పిన దానికి చేసే మరమ్మతే నిలుస్తుంది. ఈ దృష్టితో ఆయిల్ లీకు ప్రశ్నను మొత్తంగా పరిశీలించి, వాడుకలో ఉన్న పద్ధతుల బలాబలాలను తూచడం ఈ వ్యాసం ఉద్దేశం.

పాత కారు అంటే ఏది అన్న విషయంలో నిర్వచనాలు ఒక్క తీరుగా లేవు. 1934లో ఏర్పడిన బ్రిటన్‌లోని వింటేజ్ స్పోర్ట్స్‌కార్ క్లబ్ సంప్రదాయం ప్రకారం 1919 నుంచి 1930 వరకు తయారైనవే వింటేజ్ కార్లు. భారతదేశంలో 2021లో సవరించిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు మాత్రం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ లేకుండా అసలు రూపంలోనే ఉన్న వాహనాలకు ఆ హోదా ఇస్తున్నాయి. ఆయిల్ లీకు దృష్టితో చూస్తే ఏళ్ల లెక్క కంటే కార్కు, తోలు, ఫెల్టు, పేనిన తాడు వంటి పదార్థాలతో ఆయిల్‌ను నిలిపిన ఇంజన్లన్నీ ఒకే కుటుంబం అనుకోవడం ఎక్కువ ఉపయోగకరం. వీటికి ప్రతినిధిగా ఇక్కడ ప్రధానంగా బ్రిటన్‌కు చెందిన బీఎంసీ సంస్థ బి-సిరీస్ ఇంజనును తీసుకోవడమైంది. 1947లో ఆస్టిన్ ఏ40తో మొదలైన ఈ ఇంజను వంశం మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లోనూ ఎంజీ స్పోర్ట్స్ కార్లలోనూ నడిచింది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ తయారు చేసిన అంబాసిడర్‌లో 1489 సీసీ రూపంలో దశాబ్దాల పాటు కొనసాగింది. తెలుగునాట ప్రభుత్వ కార్యాలయాల ముందు, టాక్సీ స్టాండుల్లో ఒక తరమంతా చూసిన ఇంజను కనుక దాని లోపాలు, వాటికి వాడుకలో ఉన్న చికిత్సలు ఇక్కడి మెకానిక్కులకు చిరపరిచితాలే.

ఆయిల్ ఎక్కడ ఏ ఒత్తిడిలో ఉంటుంది

లీకులను విడదీసి చూడటానికి మొదటి గీటురాయి ఒత్తిడి. ఇంజను అడుగున, మెకానిక్కులు ఛాంబర్ అని పిలిచే తొట్టిలో నిలిచిన ఆయిల్‌ను పంపు పీల్చి, ఫిల్టరు గుండా పంపి, సిలిండర్ బ్లాకులో తొలిచిన సన్నని దారుల ద్వారా బేరింగులకు చేరుస్తుంది. ఈ దారుల్లో ఆయిల్ ఒత్తిడితో ఉంటుంది. మంచి స్థితిలో ఉన్న బి-సిరీస్ ఇంజను వేడెక్కి మామూలు వేగంతో తిరుగుతున్నప్పుడు అది చదరపు అంగుళానికి సుమారు 50 పౌండ్లు. బేరింగుల నుంచి చిమ్మిన ఆయిల్ గోడల వెంట జారి తిరిగి ఛాంబర్‌లో పడేటప్పుడు దాని మీద పంపు ఒత్తిడి ఏమీ ఉండదు. ఫిల్టరు, ఆయిల్ ప్రెషర్ గేజికి వెళ్లే పైపు, ప్రెషర్ స్విచ్చి మొదటి వర్గానికి చెందితే, ట్యాపెట్ కవరు, పక్క కవర్లు, టైమింగ్ కవరు, ఛాంబర్, క్రాంక్‌షాఫ్ట్ రెండు కొసల సీళ్లు రెండో వర్గానికి చెందుతాయి.

ఈ తేడా ఆచరణలో చాలా ముఖ్యమైనది. గేజి పైపు పగిలితే కొద్ది నిమిషాల్లోనే ఛాంబర్ ఖాళీ అయి బేరింగులు పాడయ్యే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఒత్తిడి వైపు లీకు ఎంత చిన్నదైనా బండిని ఆపి చూడవలసిందే. రెండో వర్గపు లీకు ఎంత వికారంగా కనిపించినా సాధారణంగా మెల్లగా సాగుతుంది గనుక, ఆయిల్ మట్టం చూసుకుంటూ కారణం వెతకడానికి వ్యవధి దొరుకుతుంది. పంపు ఒత్తిడి ఎక్కువై వెనుక సీలు కారుతోందనే మాట వర్క్‌షాపుల్లో తరచుగా వినిపిస్తుంది గానీ, ఆ సీలు పంపు ఒత్తిడిని నేరుగా ఎదుర్కోదు. దాని మీద పనిచేసేది బేరింగు నుంచి చిమ్మే ఆయిల్, ఇంజను లోపలి గాలి ఒత్తిడి మాత్రమే.

సందు, చిక్కదనం, పరిమాణం

సన్నని సందు గుండా ఆయిల్ ఎంత కారుతుందన్నది మూడు విషయాల మీద ఆధారపడుతుంది. లోపలి, బయటి ఒత్తిళ్ల తేడా పెరిగిన కొద్దీ కారే పరిమాణం అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ఆయిల్ చిక్కదనం పెరిగిన కొద్దీ అదే నిష్పత్తిలో తగ్గుతుంది. సందు మందం విషయంలో మాత్రం లెక్క ఘనానికి ఎక్కుతుంది. అంటే 0.05 మిల్లీమీటర్ల సందు 0.1 మిల్లీమీటర్లయితే కారే ఆయిల్ రెండింతలు కాక ఎనిమిదింతలవుతుంది. రెట్టింపు చిక్కని ఆయిల్ పోస్తే లీకు సగం తగ్గవచ్చు గానీ, వంగిన కవరు అంచును సరిచేసి సందును సగానికి తగ్గిస్తే లీకు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. చిక్కని ఆయిల్‌తో సరిపెట్టుకోవడం కంటే లోహపు ముఖాలను సరిచేయడానికి శ్రమించడం ఎందుకు మేలో ఈ ఒక్క సూత్రమే చెబుతుంది.

లీకు తీవ్రతను కూడా కంటితో కాక లెక్కతో చూడటం అవసరం. ఒక బొట్టును సుమారు 0.05 మిల్లీలీటర్లుగా తీసుకుంటే, రాత్రంతా నిలిపిన కారు కింద పడిన పది బొట్లు కలిసి అర మిల్లీలీటరు. రోజూ అంతే పడినా నెలకు 15 మిల్లీలీటర్లకు మించదు. అదే కారు రోడ్డు మీద 30 మీటర్లకొక బొట్టు చొప్పున వదిలితే వెయ్యి కిలోమీటర్లకు 33 వేలకు పైగా బొట్లు, అంటే దాదాపు 1.7 లీటర్లు పోతుంది. షెడ్డు నేల మీది మరక ఆందోళన కలిగిస్తుంది, రోడ్డు మీద పోయేది కంటికి కనిపించదు. అందుచేత డిప్‌స్టిక్కు చూసి, ఎన్ని కిలోమీటర్లకు ఎంత ఆయిల్ పోయవలసి వచ్చిందో రాసిపెట్టుకోవడమే లీకును కొలిచే నమ్మకమైన పద్ధతి. అయితే ఇలా తగ్గిన ఆయిల్‌లో కొంత సిలిండర్లలో కాలిపోయినది కూడా కావచ్చు కనుక, సైలెన్సర్ నుంచి నీలి పొగ వస్తోందా అన్నదీ గమనించాలి.

ఇంజను ఊపిరి

ఆయిల్ లీకు చర్చల్లో అన్నిటికంటే తక్కువ పట్టించుకునే అంశం క్రాంక్‌కేసు గాలి. క్రాంక్‌కేసు అంటే క్రాంక్‌షాఫ్ట్ తిరిగే కింది గది. సిలిండర్‌లో మండిన వాయువుల్లో కొంత భాగం పిస్టన్ రింగులను దాటి ఈ గదిలోకి దిగుతుంది. రింగులు, బోరు అరిగిన కొద్దీ ఈ భాగం పెరుగుతుంది. దాన్ని బయటికి పంపడానికి పాత ఇంజన్లలో బ్రీదర్ అనే గొట్టాన్ని కిందికి వేలాడదీసేవారు. కారు ముందుకు సాగుతున్నప్పుడు గొట్టం మూతి దగ్గర ఏర్పడే పీల్పు లోపలి వాయువును లాగేది. బి-సిరీస్‌లో ఈ గొట్టం ఇంజను పక్కనున్న ట్యాపెట్ గది కవరు నుంచి దిగుతుంది, పై కవరు నుంచి మరో గొట్టం ఎయిర్ క్లీనరుకు వెళుతుంది. కారు నిలబడి ఉన్నప్పుడూ మెల్లగా నడుస్తున్నప్పుడూ ఈ ఏర్పాటుకు పీల్పు దాదాపు ఉండదు. 1960ల తొలి సంవత్సరాల్లో కాలిఫోర్నియాలో గాలి కాలుష్యాన్ని తగ్గించడానికి వచ్చిన పీసీవీ వాల్వు, అంటే క్రాంక్‌కేసు వాయువును ఇంజనే తిరిగి పీల్చుకుని మండించే ఏర్పాటు, ఈ లోపాన్ని కూడా చాలావరకు తీర్చింది.

గొట్టంలోని జాలీ మడ్డితో పూడుకుపోయినా, బయటికి పొగ వస్తోందని ఎవరైనా గొట్టానికి గుడ్డ కుక్కినా, లోపలి వాయువు దొరికిన ప్రతి సందు గుండా ఆయిల్‌ను వెంటబెట్టుకుని బయటపడుతుంది. అప్పుడు ఒక చోట ప్యాకింగ్ మారిస్తే లీకు మరో చోటికి మారడం తప్ప ఆగదు. ఒకేసారి మూడు నాలుగు చోట్ల తడి కనిపించడం ఈ స్థితికి తొలి సూచన. ఇంజను నిదానంగా తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద పలుచని పాలిథిన్ ముక్క పరిస్తే, అది పైకి ఉబ్బుతోందా లోపలికి కుంగుతోందా అన్నది లోపలి స్థితిని చెబుతుంది. మరింత కచ్చితత్వం కావాలంటే డిప్‌స్టిక్కు గొట్టానికి నీళ్లు నింపిన యూ ఆకారపు పారదర్శక గొట్టాన్ని తగిలించి నీటి మట్టాల తేడా చూడవచ్చు. చదరపు అంగుళానికి ఒక పౌండు ఒత్తిడి 70 సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సమానం కనుక ఎంత కొద్ది ఒత్తిడైనా ఈ కొలతలో స్పష్టంగా తెలుస్తుంది.

గొట్టాలు శుభ్రం చేసిన తరువాత కూడా ఒత్తిడి తగ్గకపోతే కంప్రెషన్ పరీక్ష చేయాలి. తక్కువ చూపిన సిలిండర్‌లో కొద్దిగా ఆయిల్ పోసి మళ్లీ కొలిచినప్పుడు అంకె పెరిగితే లోపం రింగుల్లోనూ బోరులోనూ ఉన్నట్టు, పెరగకపోతే వాల్వుల వైపో హెడ్ గాస్కెట్ వైపో చూడవలసినట్టు. రింగులు అరిగిన ఇంజనుకు సీళ్లు మార్చడం డబ్బు దండగ. అక్కడ ఆయిల్ లీకు వ్యాధి లక్షణమే తప్ప వ్యాధి కాదు.

కదలని అతుకులు, వాటి పదార్థాలు

రెండు లోహపు అంచుల మధ్య ఉంచి, బిగింపుతో నొక్కుకునేలా చేసే మెత్తని పొరను గాస్కెట్ అంటారు. వర్క్‌షాపు మాటలో ప్యాకింగ్. ఇనుప పోత, అల్యూమినియం పోత భాగాలను మరపట్టి నునుపు చేసిన చోట్ల పలుచని కాగితపు గాస్కెట్ సరిపోయేది. రేకుతో అచ్చువేసిన కవర్ల అంచులు అంత సమంగా ఉండవు కనుక, నొక్కితే అణిగి ఎత్తుపల్లాలను నింపే కార్కు అక్కడికి వచ్చింది. కార్కు ఆరితే కుంచించుకుపోతుంది. చాలాకాలం నిల్వ ఉన్న గాస్కెట్ బోల్టు రంధ్రాలకు సరిపోకపోతే గోరువెచ్చని నీటిలో కాసేపు నానబెడితే తిరిగి కొలతకు వస్తుంది. వేడికి, కాలానికి కార్కు గట్టిపడి, బిగింపు వదులై మళ్లీ తడి కనిపించినప్పుడు బోల్టును మరికొంత తిప్పడం సహజ ప్రతిస్పందన. హద్దు మీరిన బిగింపుతో కార్కు చిట్లుతుంది, రేకు అంచు బోల్టు చుట్టూ గుంటపడి రెండు బోల్టుల మధ్య పైకి లేస్తుంది.

బి-సిరీస్ పక్క కవర్లు దీనికి చక్కని ఉదాహరణ. ట్యాపెట్ గదిని మూసే రెండు రేకు కవర్లలో ఒక్కొక్కదాన్ని మధ్యనున్న ఒకే బోల్టు పట్టి ఉంచుతుంది. ఆ బోల్టును అతిగా బిగిస్తే కవరు నడుమ లోపలికి వంగి నాలుగు అంచులూ లేస్తాయి. బిగించిన కొద్దీ లీకు పెరుగుతుంది. ఇక్కడ చేయవలసినది కవరును తీసి, మడ్డి కడిగి, అంచును చదునైన ఇనుప దిమ్మ మీద ఆనించి చిన్న సుత్తితో సరిచేయడం, ఉక్కు స్కేలు నిలిపి కింద వెలుతురు కనిపించకుండా ఉందో లేదో చూడటం, గాస్కెట్‌ను కవరుకు మాత్రమే అంటించి ఇంజను వైపు పొడిగా ఉంచడం, బోల్టు కింది వాషరును కూడా మార్చడం, తరువాత తయారీదారు చెప్పిన మేరకే బిగించడం. రెండు నట్లతో నిలిచే పై ట్యాపెట్ కవరుకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. ఈ పనులకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు, ఓపిక మాత్రం కావాలి.

రబ్బరు రాకతో పరిస్థితి మారింది. 1930లలో జర్మనీలో రూపుదిద్దుకున్న నైట్రైల్ రబ్బరు పెట్రోలుకూ ఆయిల్‌కూ చెడకుండా నిలిచి, కార్కు స్థానాన్నీ తోలు సీళ్ల స్థానాన్నీ క్రమంగా ఆక్రమించింది. అది సుమారు 100 డిగ్రీల సెల్సియస్‌కు పైగా ఎక్కువకాలం ఉంటే గట్టిపడుతుంది. 1957లో డ్యూపాంట్ సంస్థ విడుదల చేసిన వైటాన్ రకం 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. పాత రూపంలోనే ఉండి కొత్త పదార్థంతో చేసిన సీళ్లు ఈనాడు చాలా ఇంజన్లకు దొరుకుతున్నాయి గనుక, బయటికి కనిపించే మార్పేమీ లేకుండానే మన్నికను పెంచుకునే వీలుంది.

తిరిగే షాఫ్టు దగ్గరి కట్టడి

అన్నిటికంటే కఠినమైన చోటు క్రాంక్‌షాఫ్ట్ వెనుక కొస. అక్కడ షాఫ్టు ఇంజను గోడను దాటి బయటికి వచ్చి ఫ్లైవీలును పట్టుకుంటుంది; తిరిగే లోహానికీ నిలిచిన గోడకూ మధ్య ఆయిల్‌ను ఆపడానికి మూడు పద్ధతులు వాడుకలోకి వచ్చాయి.

మొదటిది మరచుట్టు పద్ధతి. షాఫ్టు మీద తిరిగే దిశకు ఎదురుగా మర వంటి గాడి కోస్తారు. దాని చుట్టూ అతి స్వల్పమైన సందుతో గోడ ఉంటుంది. షాఫ్టు తిరుగుతున్నంతసేపూ గాడి ఆయిల్‌ను లోపలికి నెట్టుకుంటూ పోతుంది. రాపిడి లేనందున అరుగుదల లేదు, మార్చవలసిన విడిభాగమూ లేదు. మూడు మెయిన్ బేరింగుల బి-సిరీస్ ఇంజన్లలోనూ ట్రయంఫ్ టీఆర్ కార్లలోనూ ఇదే ఏర్పాటు. అయితే ఇంజను ఆగినప్పుడు అది ఏ పనీ చేయదు, లోపలి గాలి ఒత్తిడికి ఎదురు నిలవలేదు, మెయిన్ బేరింగులు అరిగి షాఫ్టు కొద్దిగా కిందికి దిగితే సందు ఒకవైపు పెరిగి కట్టడి చెడుతుంది. కాబట్టి మరచుట్టు ఇంజనులో వెనుక నుంచి విపరీతంగా కారుతుంటే చూడవలసినది సీలును కాదు, బ్రీదర్‌ను, మెయిన్ బేరింగులను. ఇంజను ఆపిన తరువాత ఒకటి రెండు బొట్లు పడటం ఆ రూపకల్పనలోనే ఇమిడి ఉన్న విషయం.

రెండోది తాడు సీలు. గ్రాఫైట్ పట్టించి పేనిన తాడును రెండు అర్ధచంద్రాలుగా గాడిలో కుదిర్చి షాఫ్టు చుట్టూ నొక్కి ఉంచుతారు. 1955లో వచ్చిన షెవర్లే చిన్న వీ8 ఇంజను మొదట తాడు సీలుతోనే వెలువడి, 1959 నుంచి రెండు ముక్కల రబ్బరు సీలుకు, 1986 నుంచి ఒకే ముక్క సీలుకు మారింది. సీళ్ల చరిత్ర అంతా ఒక్క ఇంజనులోనే కనిపిస్తుంది. తాడును ఆయిల్‌లో నానబెట్టి, షాఫ్టు వ్యాసానికి దగ్గరగా ఉన్న నునుపైన కడ్డీతో గాడిలో దొర్లిస్తూ అదిమి, కొసలను పదునైన బ్లేడుతో కోయాలి. పీచు పోగు ఒక్కటి బేరింగు క్యాపు అతుకులో ఇరుక్కున్నా క్యాపు పూర్తిగా ఆనదు, బేరింగు సందు మారిపోతుంది. పాత తాడులో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ కనుక దాన్ని పొడిగా గీకడం, గాలితో ఊదడం చేయకుండా తడిపి తీసి మూసిన సంచిలో వేయడం ఆరోగ్యరీత్యా తప్పనిసరి.

మూడోది పెదవి సీలు. లోహపు వలయానికి అంటించిన రబ్బరు పెదవిని సన్నని స్ప్రింగు షాఫ్టు మీద ఆనించి ఉంచుతుంది. 1962లో మూడు బేరింగులతో వచ్చిన ఎంజీబీ ఇంజను 1964 చివర్లో ఐదు బేరింగులకు మారినప్పుడు వెనుక వైపు ఈ సీలు చేరింది. పెదవి ఆనిన చోట షాఫ్టు మీద కాలక్రమంలో గాడి పడుతుంది. ఆ గాడి మీద కొత్త సీలు వేసినా నిలవదు. సీలును కొద్దిగా ముందుకో వెనక్కో కూర్చోబెట్టి కొత్త చోట ఆనించడం ఒక మార్గం కాగా, షాఫ్టు మీద పావు మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ మందం గల పలుచని ఉక్కు తొడుగు ఎక్కించడం మరో మార్గం. షాఫ్టును ఎమరీ కాగితంతో ఏటవాలుగా రుద్దితే కంటికి ఆనని మరచుట్ల గీతలు ఏర్పడి, అవి తిరిగే దిశను బట్టి ఆయిల్‌ను బయటికి తోడే పంపులా పనిచేస్తాయి. కాబట్టి చివరి మెరుగు ఎప్పుడూ షాఫ్టు చుట్టూ సమాంతరంగానే పట్టాలి.

ముందు కొసన టైమింగ్ కవరులో తొలినాళ్ల బి-సిరీస్‌కు ఫెల్టు వలయం, తరువాతి వాటికి రబ్బరు సీలు ఉంటాయి. కవరును ముందే బిగించి పుల్లీని తరువాత తోస్తే సీలు ఒక పక్కకు నొక్కుకుని కొద్దికాలంలోనే కారడం మొదలవుతుంది. బోల్టులను వదులుగా ఉంచి, పుల్లీని సీలులోకి తోసి కవరును మధ్యకు కుదిర్చాక బిగించడం సరైన వరస. లోపల ఆయిల్‌ను సీలు మీద పడకుండా విసిరే పళ్లెం వంటి రేకు బిళ్లను తిరగేసి పెట్టినా, ఒక కాలపు కవరుకు మరో కాలపు బిళ్ల జతచేసినా ఎంత మంచి సీలైనా తడుస్తూనే ఉంటుంది.

మూలాన్ని కనిపెట్టడం

ఆయిల్ తన బరువుతో కిందికి, కారు కదలికలో గాలి తోపుతో వెనక్కి పోతుంది. అందుచేత ఇంజను ముందు భాగంలోనో పైనో కారినది కూడా చివరికి క్లచ్ గది అడుగు నుంచే బొట్లుగా రాలుతుంది. వెనుక సీలు పోయిందని ఇంజను దించిన సందర్భాల్లో అసలు దోషి పక్క కవరో, గేజి పైపో, క్యామ్‌షాఫ్ట్ వెనుక మూతో కావడం అరుదు కాదు. పైనుంచి కిందికి, ముందు నుంచి వెనక్కి చూస్తూ, అన్నిటికంటే ఎత్తున, ముందున ఉన్న తడిని వెతకడం ఈ పొరపాటును నివారిస్తుంది.

దానికి ముందు ఇంజనును పూర్తిగా కడిగి ఆరబెట్టాలి. తరువాత అనుమానమున్న చోట్ల టాల్కం పౌడరు పలుచగా చల్లి, ఇంజనును వేడెక్కే వరకు నడిపి చూస్తే తడి దారి పౌడరు మీద చారగా కనిపిస్తుంది. ఆయిల్‌లో కలిపే మెరుపు రంగు, దాన్ని వెలిగించే అతినీలలోహిత దీపం మరింత సన్నని చెమ్మను సైతం పట్టిస్తాయి. ఎయిర్ కంప్రెసర్‌తో క్రాంక్‌కేసులోకి స్వల్పంగా గాలి పంపి సబ్బు నురుగుతో పరీక్షించడమూ ఉంది గానీ, చదరపు అంగుళానికి రెండు మూడు పౌండ్లు దాటనివ్వకూడదు. అంతకు మించితే బాగున్న సీళ్లు కూడా కదలిపోతాయి. కారిన ద్రవమేదో తేల్చుకోవడం కూడా పరీక్షలో భాగమే. గేర్ ఆయిల్‌కు గంధకపు ఘాటు ఉంటుంది, బ్రేకు ఆయిల్ పెయింటును తింటుంది. గేర్‌బాక్సులోనూ ఇంజను ఆయిలే వాడే కొన్ని బ్రిటిష్ కార్లలో మాత్రం వాసన పరీక్ష పనికిరాదు. అక్కడ రంగు కలపడమే దారి.

మరమ్మతు వరస

సులువైనది, చవకైనది, తిరిగి మార్చుకోగలిగినది ముందు, ఇంజనో గేర్‌బాక్సో దించవలసినది చివర అన్న నియమం అనుభవజ్ఞులందరూ పాటించేదే. బ్రీదర్ శుభ్రం చేయడం, వదులైన బోల్టులను కొలత ప్రకారం సరిచేయడం, పై కవర్ల గాస్కెట్లు మార్చడం మొదటి మెట్టు. రెండో మెట్టు ఫిల్టరు, పైపుల వంటి ఒత్తిడి వైపు అతుకులు. పాత ఇంజన్ల ఫిల్టరు డబ్బాకు పైనున్న గాడిలో రబ్బరు వలయం కూర్చుంటుంది; నల్లబడి గాడికి అతుక్కుపోయిన పాత వలయాన్ని చూడక దాని మీదే కొత్తది పెట్టడం తరచుగా జరిగే తప్పు, ఇంజను స్టార్టు చేయగానే ఆయిల్ చిమ్మడం దాని ఫలితం. ఛాంబర్ నట్టు కింది రాగి వాషరు వాడిన కొద్దీ గట్టిపడుతుంది. ఎర్రగా కాల్చి నీటిలో ముంచితే మళ్లీ మెత్తబడి సందులను నింపుతుంది.

మూడో మెట్టు టైమింగ్ కవరు, ఛాంబర్ గాస్కెట్. బి-సిరీస్ ఛాంబర్‌కు రెండు పక్కల గాస్కెట్లు, ముందు వెనుక బేరింగు క్యాపుల దగ్గర కార్కు పట్టీలు వేర్వేరుగా ఉండి, అవి కలిసే నాలుగు మూలలే బలహీన స్థానాలు. సిలికాన్ పేస్టు చిన్న చుక్కగా అవసరమైన చోటు ఇదే. వెనుక సీలు, వెనుక బేరింగు క్యాపు పనులు నాలుగో మెట్టు. గేర్‌బాక్సు ఎలాగూ దిగుతుంది గనుక ఆయిల్ పట్టిన క్లచ్ ప్లేటును, క్యామ్‌షాఫ్ట్ వెనుక మూతను, బ్యాక్ ప్లేటు గాస్కెట్‌ను అదే విడతలో చూసుకోవడం వివేకం. క్రాంక్‌షాఫ్ట్ సాన, బేరింగు బోరు సరిచేయడం వంటి పనులకు విజయవాడ ఆటోనగర్ వంటి కేంద్రాల్లో యంత్రాలూ పనితనమూ ఉన్నాయి. మరచుట్టు సందు ఎంత ఉండాలన్నది తయారీదారు మాన్యువల్ నుంచి రాసి ఇవ్వడం మాత్రం కారు యజమాని బాధ్యత.

పేస్టులు, చిక్కని ఆయిల్, కలిపే మందులు

గాలిలోని తేమతో గట్టిపడే సిలికాన్ పేస్టు ఈనాడు ప్రతి వర్క్‌షాపులోనూ మొదటి ఆయుధం. పలుచని గీతలా వాడితే అది ఉపకారి. మందంగా పూస్తే లోపలికి పొంగి, ఊడిన ముక్కలు పంపు జాలీకి అడ్డుపడి ఇంజనుకే ముప్పు తెస్తాయి. గాలి తగలని చోట లోహపు స్పర్శతో గట్టిపడే మరో రకం పేస్టు మరపట్టిన దృఢమైన ముఖాలకు బాగుంటుంది గానీ, వంగే రేకు కవర్లకు పనికిరాదు.

లీకు ఆపుతాయని ఆయిల్‌లో కలిపే మందులు రబ్బరును ఉబ్బించి మెత్తబరచడం ద్వారా పనిచేస్తాయి. గట్టిపడిన రబ్బరు సీలు విషయంలో తాత్కాలిక ఉపశమనం దొరకవచ్చు; కార్కు, తాడు, మరచుట్టుల మీద వీటి ప్రభావం ఉండదు, ఎక్కువకాలం వాడితే బాగున్న సీళ్లు కూడా పట్టు తప్పుతాయి. తయారీదారు సూచించిన దానికంటే చిక్కని ఆయిల్ చల్లటి ఇంజనులో బేరింగులకు ఆలస్యంగా చేరుతుంది. లీకును తగ్గించే పేరుతో అరుగుదలను పెంచడం మంచి బేరం కాదు. చాలా పాత ఇంజన్లకు 20డబ్ల్యూ-50 వంటి ఖనిజ మల్టీగ్రేడ్ ఆయిల్ సరిపోతుంది. మడ్డి కడిగే గుణం ఎక్కువగా ఉన్న కొత్త ఆయిల్‌కు మారినప్పుడు అప్పటిదాకా మడ్డే మూసిన సందులు తెరుచుకుని లీకు బయటపడవచ్చు. ఆ లీకు ఆయిల్ సృష్టించినది కాదు, చూపించినది మాత్రమే.

అసలు రూపమా, ఆధునిక సీలా

మరచుట్టు స్థానంలో పెదవి సీలు అమర్చే కిట్లు ఎంజీ, ట్రయంఫ్, జాగ్వార్ వంటి ఇంజన్లకు దొరుకుతాయి. వాటిని సమర్థించేవారు పొడిగా ఉండే క్లచ్‌ను, రోడ్డు మీద తగ్గే ఆయిల్‌ను చూపుతారు. షాఫ్టు మీది గాడిని సాన పట్టి తొలగిస్తే మళ్లీ తిరిగి రాదని, సీలు గూడు షాఫ్టుకు సరిగ్గా కేంద్రంలో లేకపోతే కొత్త సీలూ త్వరలోనే కారుతుందని వ్యతిరేకులు వాదిస్తారు. 1966లో ఏర్పడిన అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య ఫీవా రూపొందించిన ట్యూరిన్ చార్టర్ ఇక్కడ మంచి కొలబద్ద: మార్పు అవసరమైతే వీలైనంత తక్కువగా, వెనక్కి తీసుకోగలిగేలా, రాతపూర్వకంగా నమోదు చేసి చేయాలన్నది దాని సారం. షాఫ్టును మార్చకుండా బయట అమర్చే రెండు ముక్కల సీలు ఈ కొలతకు నిలుస్తుంది. గాడిని శాశ్వతంగా చెరిపేసే మార్పు నిలవదు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం కాలపు 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ వంటి చారిత్రక వాహనానికీ, వారం వారం రోడ్డెక్కే అంబాసిడర్‌కూ ఒకే నియమం పెట్టలేం. మొదటిదాని విలువ దాని అసలు లోహంలో ఉంటే, రెండోదాని విలువ నమ్మకంగా నడవడంలో ఉంది.

అసలు రూపం పేరుతో ఉదాసీనతను మాత్రం సమర్థించకూడదు. సైలెన్సర్ మానిఫోల్డు మీద పడే ఆయిల్ మంటకు కారణం కావచ్చు, ఇంజను కింది రబ్బరు దిమ్మలు ఆయిల్‌కు ఉబ్బి పాడవుతాయి, వాడిన ఆయిల్ పదేపదే చర్మానికి అంటడం హానికరం. భారతదేశంలో 2016 నాటి నిబంధనలు వాడిన ఆయిల్‌ను ప్రమాదకర వ్యర్థంగా గుర్తించాయి. పళ్లెంలో పట్టిన బొట్లను కాలువలో పారబోయక అనుమతి గల సేకరణదారుకు ఇవ్వడం పాత కార్ల ప్రియుల కనీస ధర్మం.

ముగింపు

పై పరిశీలన నుంచి తేలేది ఇది. పాత ఇంజను కారక తప్పదన్నది మరచుట్టు కొసన రాలే ఒకటి రెండు బొట్లకే వర్తిస్తుంది. మిగిలిన చాలా లీకులకు సరిచేయగల కారణం ఉంది. కొత్త ప్యాకింగ్ చాలునన్నది కూడా లోపలి ఒత్తిడి తీరి, ముఖాలు సమంగా ఉన్నప్పుడే నిజమవుతుంది. ఇంజనుకు ఊపిరి ఆడేలా చేయడం, ఆనే ముఖాలను సరిచేయడం, తగిన పదార్థాన్ని ఎంచుకోవడం ఈ వరసలోనే సాగాలి. వరస తప్పితే ఖర్చు పెరుగుతుందే గాని లీకు ఆగదు. కార్కును నానబెట్టడం, తాడును అదమడం, రేకు అంచును చేత్తో సరిచేయడం తెలిసిన మెకానిక్కుల తరం ఇక్కడ ఇంకా పని చేస్తోంది. ఏ కారులో ఏ లీకు, ఏ కారణం, ఏ చికిత్స, ఎంతకాలం నిలిచింది అన్న నాలుగు విషయాలను ప్రతి యజమానీ ప్రతి వర్క్‌షాపూ రాసిపెడితే, ఆ పనితనం చేతులతోపాటే పోకుండా తరువాతి తరానికి తెలుగులోనే అందుతుంది.